పది నిమిషాల్లో తగ్గిన మూతి వంకర గురించి

మీ నాన్నగారికి మూతి వంకరపోయి, కుడి చేయి పట్టు తప్పి, పది నిమిషాల్లో సర్దుకుందని రాశారు కనుక, మెదడుకు వెళ్లే రక్తనాళంలో గడ్డ కాసేపు అడ్డుపడి తొలగిపోయి ఉండవచ్చు. తగ్గిందని దయచేసి ఆగకండి. అసలు పక్షవాతం వచ్చే ముప్పు తొలి 48 గంటల్లోనే ఎక్కువ.

1. ఇప్పుడే సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి.

2. లక్షణాలు మళ్లీ కనిపిస్తే, ఆయన చివరిసారి మామూలుగా ఉన్న సమయాన్ని రాసిపెట్టండి. చాలామంది మరిచేది ఇదే. గడ్డను కరిగించే మందును సాధారణంగా ఆ సమయం నుంచి 4.5 గంటల లోపే ఇస్తారు. నిద్రలేచేసరికే లక్షణాలుంటే ఆ లెక్క లేచిన వేళ నుంచి కాదు, పడుకున్న వేళ నుంచి మొదలవుతుంది.

3. స్కాన్‌కు ముందు సొంతంగా ఆస్పిరిన్ ఇవ్వకండి. గడ్డ వల్ల కాక రక్తనాళం చిట్లి వచ్చిన పక్షవాతమైతే ఆస్పిరిన్ హాని చేస్తుంది. పైకి చూసి ఏ రకమో చెప్పలేము.