జీతం 28,000... కొత్త లేబర్ కోడ్‌తో చేతికొచ్చేది తగ్గుతుందా?

ప్రశ్న: జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీలో పనిచేస్తున్నాను. కేంద్రం తెచ్చిన కొత్త లేబర్ కోడ్‌లతో (కార్మిక చట్టాలతో) జీతం తగ్గుతుందని యూనియన్ వాళ్లు, లాభమేనని ఇంకో పార్టీ వాళ్లు అంటున్నారు. నెలకు 5,000 చిట్టీ కడుతున్నా, ఇంకా పాడలేదు. మానేయాలా?

జవాబు: ఆ వాదన టీ కొట్టు దగ్గర తెగదు కానీ, మీ పేస్లిప్‌లో తెగుతుంది. మీరు పంపిన కాపీలో బేసిక్ 9,000. డీఏ లేదు. మిగతా 19,000 ఇంటద్దె, కన్వేయన్స్ అలవెన్సులు. పీఎఫ్ బేసిక్ మీదే కాబట్టి 1,080 కోస్తున్నారు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతన కోడ్ ప్రకారం ఇలాంటి అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటినంత వేతనంలో కలుస్తుంది. మీ 28,000లో సగం 14,000, అలవెన్సులు 19,000 కాబట్టి మీకు దాటింది 5,000. అంటే వేతనం 14,000, పీఎఫ్ 1,680. చేతికి 600 తక్కువ. (కంపెనీ వాటా పక్కనపెట్టి వేసిన మోటు లెక్క ఇది, కొంచెం అటూఇటూ ఉంటుంది.)

పీఎఫ్‌ను చట్టం పెట్టిన 15,000 వేతన పరిమితి మీదే కోస్తుంటే టేక్‌హోమ్ తగ్గదని కేంద్రం చెప్పింది. నిజమే, ఇప్పటికే 15,000 మీద కోత పడుతున్నవాళ్లకు. మీరు ఆ గీతకు కింద ఉన్నారు. ఈ ముక్క మీకు ఏ పార్టీవాళ్లూ చెప్పినట్టు లేదు.

మీ 600కు కంపెనీ ఇంకో 600 కలపాలి. చిక్కంతా ఇక్కడే. సీటీసీలో (కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చులో) కంపెనీ పీఎఫ్ వాటా కూడా కలిపి ఉంటే, ఆ 600 కూడా మీ అలవెన్సుల్లోంచే సర్దేస్తారు. అప్పుడు తగ్గేది 1,200. ఆఫర్ లెటర్ తీసి చూడండి, హెచ్‌ఆర్‌ను ఈ ఒక్కటే అడగండి. గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం) మాత్రం పెరుగుతుంది: 9,000 మీద ఏడాది సర్వీసుకు 5,192 అయితే, 14,000 మీద 8,077.

యూనియన్ల మాటల్లో నాకు బరువున్నట్టు అనిపించేది జీతం సంగతి కాదు, ఉద్యోగం సంగతి. 300 కంటే తక్కువ మంది కార్మికులున్న ఫ్యాక్టరీలో మనుషుల్ని తీసేయాలన్నా, మూసేయాలన్నా ఇక ముందస్తు ప్రభుత్వ అనుమతి అక్కర్లేదు. పాత కేంద్ర చట్టంలో ఆ సంఖ్య 100. మీ యూనిట్లో ఎంతమందో మీకే తెలుసు.

అందుకే చిట్టీ ఆపకండి. మధ్యలో మానేస్తే కట్టింది వెంటనే చేతికి రాదు, పైగా కోత. తగ్గే 600 (లేదా 1,200) ఇంటి ఖర్చులో సర్దుకోండి. చిట్టీ పాడాక బండి మీద పెట్టకుండా, మూడు నెలల ఖర్చుకు సరిపడా బ్యాంకులో ఎఫ్‌డీ వేయండి. ఈలోగా పీఎఫ్ పాస్‌బుక్‌లో కంపెనీ వాటా నెలనెలా పడుతోందో లేదో చూసుకోండి.