వృద్ధుల ఆరోగ్యం – పాఠకుల ప్రశ్నలు: నర్సింగ్ హోమ్‌లో ఉన్న నాన్నగారిని ఎలా చూస్తున్నారో తెలిసేదెలా?

ప్రశ్న: మా నాన్నగారికి 78 ఏళ్లు. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట కూడా స్పష్టంగా రాదు. అమ్మ లేరు. నేను డాలస్‌లోను, మా చెల్లెలు విజయవాడలోను ఉంటున్నాము. హైదరాబాదులో ఒక కాలనీ ఇంట్లో నడుస్తున్న పద్నాలుగు పడకల చిన్న నర్సింగ్ హోమ్‌లో ఆయనను చేర్చాము. చెల్లెలు నెలకొకసారి ముందుగా ఫోన్ చేసి వెళుతుంది. వెళ్లినప్పుడల్లా ఆయన ఉతికిన బట్టలతో, తల దువ్వించుకుని కుర్చీలో కూర్చుని ఉంటారు. నిర్వాహకుడు మర్యాదస్తుడు. అయినా నాకు నమ్మకం కుదరడం లేదు. అమెరికాలో నర్సింగ్ హోమ్‌లకు ప్రభుత్వమే నక్షత్రాల రేటింగు ఇస్తుంది. అటువంటిది లేని చోట నాణ్యతను ఎలా కొలవాలి?
– పేరు ప్రచురించవద్దన్న పాఠకుడు, డాలస్

జవాబు: చెల్లెలు గారు చూసి వస్తున్నవి నాణ్యతకు కొలమానాలు కావు. తల దువ్వి చొక్కా తొడగడానికి పది నిమిషాలు చాలు. వచ్చే వేళ ముందే తెలిసినప్పుడు ఆ పది నిమిషాలు ఏ నిర్వాహకుడికైనా దొరుకుతాయి. దీనర్థం అక్కడ సంరక్షణ బాగాలేదని కాదు, బాగుందో లేదో ఇంతవరకు మీకు తెలియదని మాత్రమే.

మీరు ప్రస్తావించిన అమెరికా రేటింగు 2008లో మొదలయింది. అందులో తనిఖీ ఫలితాలు, సిబ్బంది బలం, అక్కడ ఉంటున్నవారి ఆరోగ్య సూచికలు అనే మూడు భాగాలుంటాయి. మన దేశంలో ఇటువంటి చోట్లకు ప్రభుత్వ రేటింగు లేదు కాబట్టి తనిఖీల సంగతి పక్కన పెడదాము. మిగిలిన రెండింటిని ఏ కుటుంబమైనా తనంతట తాను చూడవచ్చు.

సిబ్బందితో మొదలుపెట్టండి. “మొత్తం ఎంతమంది పనిచేస్తారు?” అని అడిగితే వచ్చే జవాబు వల్ల పెద్దగా ప్రయోజనం లేదు. రాత్రి పదింటికి, ఆదివారం మధ్యాహ్నం ఎవరెవరు ఉంటారో, పద్నాలుగు మందిలో తమంతట తాము పక్కకు ఒత్తిగిల్లలేనివారు ఎందరో అడిగి, ఆ రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టి చూడండి. ఉదాహరణకు అటువంటివారు ఎనిమిది మంది ఉన్నారనుకుందాము. ఒక్కొక్కరిని ఇద్దరు కలిసి తిప్పి, తడిసిన డైపరు మార్చి, దుప్పటి సరిచేయడానికి పది నిమిషాలు పట్టినా, పడకపుండ్లు రాకుండా రెండేసి గంటలకు ఒకసారి చేయాలంటే ప్రతి 120 నిమిషాలలో 80 నిమిషాలు ఆ పనికే పోతాయి. రాత్రి డ్యూటీలో ఒక్క ఆయా మాత్రమే ఉన్న ఇంట్లో ఇది సాధ్యం కాదు. రిజిస్టరులో ఎన్ని టిక్కులు ఉన్నా సాధ్యం కాదు. మరొక సంగతి, అక్కడ అందరినీ “సిస్టర్” అని పిలుస్తారు గనుక వారిలో నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదైన జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) లేదా బీఎస్సీ నర్సు ఎవరో, ఆమె ఏ వేళల్లో ఉంటారో విడిగా కనుక్కోవాలి.

ఇక ఆరోగ్య సూచికలలో నేను అన్నిటికంటె ముందు చర్మాన్ని చూస్తాను. మంచానికే పరిమితమైన మనిషికి పడకపుండ్లు నడుము కింద, తుంటి దగ్గర, మడమల మీద, అంటే ఎముకకు, పరుపుకు మధ్య కండ తక్కువగా ఉన్న చోట్ల వస్తాయి. మొదటి దశలో చర్మం చిట్లదు; ఎర్రబడిన చోట వేలితో నొక్కినా ఆ ఎరుపు పోదు. అయితే పుస్తకాలలోని ఈ గుర్తు తెల్లని చర్మం వారిని దృష్టిలో పెట్టుకుని రాసినది. మన చామనచాయ ఒంటి మీద ఎరుపు కనిపించకపోవచ్చు. చుట్టుపక్కల కంటె ఆ చోటు వెచ్చగా, గట్టిగా లేదా మెత్తగా తగులుతోందా, ఊదా రంగుకు తిరిగిందా అని చూడాలి. చెల్లెలు గారు వెళ్లినప్పుడు తలుపు వేయించి, సిబ్బంది సాయంతో నాన్నగారిని పక్కకు తిప్పించి నడుము కింది భాగాన్ని, సాక్సులు విప్పించి రెండు మడమలను తప్పకుండా చూడాలి. కూతురు తండ్రి ఒళ్లు చూడడానికి మొహమాటపడితే దగ్గరి మగ బంధువును వెంటబెట్టుకుని వెళ్లవచ్చు. ఎర్రబడిన చోట నూనె రాసి మర్దనా చేస్తున్నామనో, గాలి నింపిన రింగు వేసి కూర్చోబెడుతున్నామనో వారు చెబితే, ఆ రెండూ మేలు కంటె కీడే చేస్తాయి గనుక, శిక్షణ చాలలేదని గ్రహించాలి. గాలి పరుపు మంచిదే, కాని అది మనిషిని తిప్పే పనికి బదులు కాదు. పైగా వేసవిలో కరెంటు పోయినప్పుడు దానికి ఇన్వర్టరు ఉందో లేదో కూడా అడగాలి.

రెండవ సూచిక బరువు. ఒక నెలలో 5 శాతం, ఆరు నెలలలో 10 శాతం తగ్గడం వైద్యపరంగా పట్టించుకోవలసిన విషయం. 60 కిలోల మనిషి నెలలో మూడు కిలోలు తగ్గితే “వయసు కదా” అని సరిపెట్టుకోకూడదు. నిలబడలేనివారికి పిక్క చుట్టుకొలతను టేపుతో తీయవచ్చు. అది 31 సెంటీమీటర్లకు తక్కువైతే కండ కరిగిపోతోందని అనుమానించాలి. మీ నాన్నగారికి వచ్చినది పక్షవాతం కాబట్టి మింగడంలో ఇబ్బంది ఉందేమో వైద్యుడు పరీక్షించారా అన్నది ముఖ్యం. నీళ్లు తాగగానే దగ్గు రావడం, గొంతు గురగురలాడడం ఊపిరితిత్తులలోకి నీరు పోతోందనడానికి గుర్తులు. భోజన సమయంలో వెళ్లి, ఆయనను నిటారుగా కూర్చోబెట్టి తినిపిస్తున్నారా, ముద్ద మింగేదాకా ఆగుతున్నారా, తిన్న తరువాత అరగంట అలాగే కూర్చోబెడుతున్నారా అన్నది కళ్లారా చూడాలి. తినిపించే ఓపిక లేక ముక్కుకు గొట్టం వేయడం, బాత్‌రూముకు తీసుకువెళ్లే మనిషి లేక మూత్రపు గొట్టం పెట్టడం చిన్న సంస్థలలో తరచుగా కనిపించే అడ్డదారులు. గొట్టం ఎందుకు పెట్టారు, ఎప్పుడు తీస్తారు అనే ప్రశ్నలకు వెంటనే జవాబు రావాలి.

మూడవది మందులు. సాయంత్రం నాలుగింటికి వెళ్లినప్పుడు మందుల చార్టు చూపించమనండి. రాత్రి ఎనిమిదింటి గడిలో అప్పటికే టిక్కు పడి ఉన్నా, వారం రోజుల సంతకాలు ఒకే చేత్తో ఒకే కలంతో పెట్టినట్లున్నా, ఆ కాగితం మీద ఆధారపడలేరు. పగటిపూట అందరూ మత్తుగా పడి ఉన్న ఇల్లు ప్రశాంతమైన ఇల్లు అనుకోకూడదు. మతిమరుపు జబ్బు ఉన్న వృద్ధులకు యాంటీసైకోటిక్ అనే రకం సైకియాట్రీ మందులలో కొత్త తరానివి ప్రాణాపాయాన్ని పెంచుతాయని అమెరికా ఔషధ సంస్థ 2005లోనే హెచ్చరిక జారీ చేసింది. ఇంట్లో లేని నిద్రమాత్ర అక్కడ చేరాక చీటీలోకి వచ్చిందంటే, రాసిన వైద్యుడితో మీరే మాట్లాడండి.

వీటన్నిటికంటె నాకు ఎక్కువ చెప్పే పరీక్ష ఒకటుంది. ఫీజు కట్టి, ఫోన్లు చేసి, ప్రశ్నలడిగే కొడుకు ఉన్న మీ నాన్నగారిని మిగిలినవారికంటె కొంచెం బాగా చూసుకోవడం సహజం. ఆ ఇంట్లో చూడడానికి ఎవరూ రాని, మాట్లాడలేని మనిషి ఒకరు తప్పక ఉంటారు. ఆ మంచం పక్కనుంచి నడిచి వెళ్లేటప్పుడు పెదవులు ఎండిపోయాయా, గోళ్లు పెరిగాయా, నీళ్ల గ్లాసు చేతికందే చోట ఉందా అని మర్యాదగా ఒక్క చూపు చూడమని చెల్లెలు గారికి చెప్పండి. మీరు ఫోన్ చేయడం మానేసిన నెలలో మీ నాన్నగారికి అందే సంరక్షణ దాదాపు అదే.

దూరాన ఉన్న మీరు చేయగలిగినది, వీడియో కాల్ వేళలను మార్చుతూ ఉండడం, వారానికొకసారి మడమలను, నెలకొకసారి బరువు యంత్రం మీది అంకెను చూపమని అడగడం. మంచం మీదకి కెమెరా పెట్టించమని నేను చెప్పను. డైపరు మార్చే దృశ్యం ఎవరి ఫోనులోనూ ఉండకూడదు. హాలులో పెడితే చాలు.

ప్రశ్న: నేను నర్సుగా పనిచేస్తున్న చిన్న హోమ్‌లో ఎవరు జారిపడినా పుస్తకంలో రాస్తాము. కొత్తగా వచ్చే కుటుంబాలు అది చూసి భయపడి వెనక్కి వెళ్లిపోతున్నాయి. రాయడం మానేయమని యజమాని అంటున్నారు. ఏం చేయాలి?
– ఒక నర్సు, రాజమహేంద్రవరం

జవాబు: రాయడం మానకండి. నడవగలిగే వృద్ధులు ఉన్న ఇంట్లో ఏడాది పొడవునా ఒక్కరూ పడలేదంటే రెండే కారణాలు ఉండవచ్చు. రాయడం లేదు, లేదా ఎవరినీ మంచం దిగనివ్వడం లేదు. రెండవది మరీ ప్రమాదం, ఎందుకంటే కొన్ని వారాలు కదలని కాళ్లు మళ్లీ నడవడం చాలా కష్టం. అయితే మీ పుస్తకంలో పడిన సంగతి ఒక్కటే ఉంటే కుటుంబాలు భయపడడం న్యాయమే. ఏ వేళలో, ఎక్కడ పడ్డారు, అంతకు ముందు ఏ మాత్ర వేసుకున్నారు, ఆ తరువాత మీరు ఏమి మార్చారు అన్నవి కూడా రాయండి. బాత్‌రూములో పట్టుకోవడానికి కడ్డీ బిగించాక అక్కడ ఎవరూ పడలేదని చూపగలిగితే, ఆ పుస్తకమే మీ సంస్థకు మంచి పేరు తెస్తుంది. ఈ మాట మీ యజమానికి వ్యాపార భాషలోనే చెప్పి చూడండి.

ప్రశ్న: మా అమ్మను ఉంచిన చోట నడుము కింద ఎముక కనిపించేంత పుండు పడింది. ఆసుపత్రిలో చేర్చేదాకా మాకు చెప్పలేదు. ఎవరికి ఫిర్యాదు చేయాలి?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఎముక కనిపించేది నాలుగవ దశ పుండు. అంతదాకా వచ్చే దారిలో గమనించడానికి అవకాశాలు సాధారణంగా ఎన్నో ఉంటాయి. అయితే చివరి రోజులలో, రక్తప్రసారం బాగా తగ్గినప్పుడు, మంచి సంరక్షణలో కూడా కొన్ని పుండ్లు వస్తాయి కనుక చికిత్స చేస్తున్న సర్జన్ అభిప్రాయాన్ని మొదట రాతపూర్వకంగా తీసుకోండి. పుండు కొలతలు, చేరిన రోజు స్థితి కేస్ షీటులో నమోదయ్యేలా చూడండి. హోమ్‌లో చూసిన వైద్యుడిని రికార్డులు లిఖితంగా అడగండి. 2002 నాటి వైద్య నడవడి నియమావళి ప్రకారం అడిగిన 72 గంటలలోగా ఇవ్వాలి. వైద్యసేవ అందిస్తున్న సంస్థ అయితే రిజిస్ట్రేషను ఉందో లేదో జిల్లా వైద్య ఆరోగ్యాధికారి కార్యాలయంలో తెలుస్తుంది. వృద్ధుల సహాయానికి ఉన్న 14567 నంబరుకు ఫోన్ చేసి సలహా కూడా పొందవచ్చు. నష్టపరిహారం కోరేటట్లయితే 2019 నాటి వినియోగదారుల చట్టం ప్రకారం, సంస్థ ఎక్కడున్నా, మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే దరఖాస్తు చేసుకోవచ్చు, గడువు రెండేళ్లు. ఫీజు రసీదులు, వాట్సాప్ సందేశాలు, తేదీ కనిపించే ఫోటోలు చెరిపివేయకండి. ఆ ఇంట్లో ఇంకా ఉన్నవారి కుటుంబాలలో ఎవరి ఫోన్ నంబరైనా మీ దగ్గర ఉంటే, తమవారి మడమలను, నడుమును ఒకసారి చూసుకోమని వారికి ఈ రోజే చెప్పండి.