పాత తెరచాప పడవలోకి నీరు ఎక్కడినుంచి వస్తోంది?

ప్రశ్న: మా నాన్నగారు వాడిన పదమూడు అడుగుల ఫైబర్ డింగీని నేను రంభ దగ్గర చిలిక సరస్సులో నడుపుతున్నాను. ఒడ్డున కట్టి ఉంచినంతసేపు పడవలోకి చుక్క నీరు రాదు. తెరచాప ఎత్తి ఒక గంట తిరిగి వస్తే మాత్రం రెండు బకెట్ల నీరు తోడవలసి వస్తోంది. పోయిన ఏడాది అడుగు అంతటికీ కొత్తగా ఫైబర్ పూత వేయించాను. అయినా నీరు ఆగలేదు. మళ్ళీ పూత వేయించమంటారా?
– ఒక పాఠకుడు, గంజాం జిల్లా

జవాబు: వేయించవద్దు. కట్టి ఉంచినప్పుడు రాని నీరు తెరచాప ఎత్తగానే వస్తోందని మీరే రాశారు. దానిని బట్టి అడుగు చిల్లులు పడలేదని, బరువూ ఒత్తిడీ పడినప్పుడు ఎక్కడో ఒక అతుకు నోరు తెరుస్తోందని అనుకోవాలి. గాలి తెరచాపను పక్కకు తోస్తుంటే పడవ మధ్యనుంచి నీటిలోకి దించిన పలకైన సెంటర్‌బోర్డు ఆ తోపును ఆపుతుంది కనుక, ఆ బలమంతా బోర్డును పట్టి ఉంచే పెట్టె మీద, ఆ పెట్టె అడుగును కలిసే అతుకు మీద పడుతుంది. పాత డింగీలలో నేను మొదట అనుమానించేది ఆ అతుకునే. దాని తరువాత బోర్డు తిరిగే బోల్టు, నీటిని బయటకు లాగే బెయిలర్ కింది రబ్బరు, వెనుక చెక్కకు చుక్కానిని పట్టి ఉంచే కొక్కేల మరలు చూడాలి.

ముందుగా పడవను స్పాంజితో పూర్తిగా తుడిచి, మోకాలి లోతు నీటిలో కట్టి, ఇద్దరు మనుషులను అరగంట కూర్చోబెట్టండి. అప్పుడు నీరు వస్తే, ఖాళీగా ఉన్నప్పుడు నీటి మట్టానికి పైన ఉండి బరువుకు మునిగే చోట, అంటే చుక్కాని కొక్కేల దగ్గరో వెనుక తూము బిరడా దగ్గరో వెతకాలి. రాకపోతే పడవను ఒడ్డుకు చేర్చి, రెండు మూడు రోజులు ఎండనిచ్చి, ఎత్తైన బల్లల మీద పాత టైర్లు పరచి నిలబెట్టండి. బోర్డును కిందికి దించి, పెట్టె చుట్టూ నాలుగు వేళ్ళ లోతు నీరు పోసి, ఒకరు కిందినుంచి బోర్డును అటూ ఇటూ నెడుతూ ఉంటే ఇంకొకరు అతుకును గమనించాలి. చుక్క కనిపించిన ప్రతిచోటా పెన్సిలుతో గుర్తు పెట్టండి. నీరు ఎక్కువ పోయకండి: రెండు చదరపు మీటర్ల అడుగులో పది సెంటీమీటర్ల నీరు నిలిస్తే 200 కిలోల బరువు అవుతుంది, ఆధారం సరిగా లేకపోతే కొత్త బీటలు మీరే పుట్టించినవారవుతారు.

పడవ పక్కల్లో ఉండే గాలి గదులను విడిగా పరీక్షించాలి. దీనిని మాత్రం దయచేసి వాయిదా వేయవద్దు. ఆ గదుల్లో నీరు చేరితే పడవ బోల్తా పడినప్పుడు తేలవలసినంత తేలదు, ఎక్కినవారి ప్రాణం దాని మీదే ఆధారపడి ఉంటుంది. తూము రంధ్రంలో గొట్టం పెట్టి నోటితో గాలి ఊదుతూ, అతుకుల మీద, మూతల చుట్టూ సబ్బునీరు పూస్తే కారే చోట బుడగలు లేస్తాయి. టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్ వాడితే అతుకులు విడిపోతాయి.

చోటు తెలిశాక పని చిన్నదే. బోల్టుకు రెండు వైపులా రబ్బరు వాషర్లు మార్చండి. మరల రంధ్రాలు వదులైతే వాటిని పెద్దవి చేసి, చిక్కగా కలిపిన ఎపాక్సీ (రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు రెసిన్) నింపి, గట్టిపడ్డాక మళ్ళీ తొలవండి. పెట్టె అతుకు దగ్గర పాత పూతను గట్టి ఫైబర్ కనిపించేదాకా గీకి, అసిటోన్‌తో తుడిచి, బాగా ఆరిన తరువాతే ఎపాక్సీతో రెండు వరుసల గాజు గుడ్డ అంటించాలి. అక్కడ ఇంతకుముందు ఎవరైనా సిలికాన్ పూసి ఉంటే దానిని ఆనవాలు లేకుండా తొలగించండి, దాని మీద ఏ రెసినూ పట్టదు. మేస్త్రి పాలియెస్టర్ రెసిన్ వాడేటట్లయితే గట్టిపడటాన్ని వేగిరం చేసే కోబాల్టు ద్రావణాన్ని, హార్డెనర్‌ను నేరుగా ఒకదానిలో ఒకటి ఎన్నడూ పోయనివ్వకండి, మంట లేచే ప్రమాదముంది; ఒకదానిని రెసిన్‌లో పూర్తిగా కలిపిన తరువాతే రెండవది కలపాలి. వానాకాలంలో ఈ పని పెట్టుకోవద్దు, కార్తికం దాటాక గాలిలో తేమ తగ్గుతుంది.

ప్రశ్న: గోపాలపూర్‌లో మా ఇంటి పెరట్లో ఏడాదిపాటు ఎండిన ప్లైవుడ్ డింగీ ఉంది. పాత చెక్క పడవలను నీటిలో నానబెడితే సందులు మూసుకుంటాయని మా పెదనాన్న అంటారు. అలా చేయవచ్చునా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ పెదనాన్నగారు చెప్పినది పలకలు పక్కపక్కన పేర్చి కట్టిన పడవల విషయంలో నిజమే, ఆ చెక్క నానితే ఉబ్బి సందు మూసుకుంటుంది. ప్లైవుడ్ పొరలు పొరలుగా అంటించినది కాబట్టి అడ్డంగా అలా ఉబ్బదు. అంచులు నీరు పీల్చుకుంటే పొరలు విడిపోయి కుళ్ళుతాయి. చిన్న సుత్తి పిడితో అడుగంతా తట్టి చూడండి. బోలుగా పలికిన చోట చెక్క చెడిందని అర్థం, దానిని కోసి తీసి కొత్త ముక్క అతికించాలి. మిగిలిన అతుకులను గీకి, ఎండనిచ్చి, ఎపాక్సీతో మూయండి. రంగు మాత్రం నీటిలో ఒకసారి పరీక్షించి, మళ్ళీ ఆరనిచ్చిన తరువాతే వేయండి, లేకపోతే కారే చోటు రంగు కింద దాగిపోతుంది.