పాత ఇంగ్లీషు ఉత్తరంలో ‘27 అల్టిమో’ అంటే ఏ తేదీ?

మీ తాతగారి భూమి కాగితాల్లో, 1891 జనవరి 3న రాసిన ఉత్తరంలో ‘27 అల్టిమో నాటి మీ అర్జీ’ అని ఉందన్నారు. ఆ అర్జీ తేదీ 1890 డిసెంబరు 27. ఉత్తరం రాసిన నెలకు ముందు నెలను అల్టిమో అనేవారు. ఇది జనవరి ఉత్తరం కాబట్టి ఏడాది కూడా వెనక్కి పోతుంది. చాలామంది ఇక్కడే 1891 అని రాసేసుకుంటారు.

లాటిన్‌లో ‘అల్టిమో మెన్సే’ అంటే ‘పోయిన నెలలో’. మనకు ‘లో’ చేసే పని అక్కడ చివరి ‘ఓ’ చేస్తుంది. వాడుకలో ‘మెన్సే’ రాలిపోయింది. దీనికి తోడు మరో రెండు మాటలున్నాయి. ఇన్‌స్టంట్ అంటే ఈ నెల, ప్రాక్సిమో అంటే వచ్చే నెల. వర్తకుల ఉత్తరాల్లో, పత్రికల్లో, కలెక్టరాఫీసు ఫైళ్లలో ఈ మూడూ పొట్టి రూపాల్లోనే ఎక్కువగా కనిపిస్తాయి.

నిజానికి అల్టిమోకు మూలమైన లాటిన్ మాట అల్టిమస్ అంటే అన్నిటికన్నా అవతలిది, చిట్టచివరిది. అల్టిమేటం పుట్టిందీ ఇందులోంచే. అందుకే 16వ శతాబ్దపు ఇంగ్లండు రికార్డుల్లో ‘అల్టిమో మాయీ’ అని ఉంటే అది మే 31. జర్మన్ బ్యాంకుల్లో ఇప్పటికీ అల్టిమో అంటే నెలాఖరు రోజే. ఇంగ్లీషు మాత్రం ఆ అర్థాన్ని వదిలేసి ‘పోయిన నెల’ దగ్గర ఆగింది. తర్వాత ఆ మాటనే వదిలేసింది. ఇన్‌స్టంట్ ఇంకా బతికే ఉంది. మన హైకోర్టు తీర్పుల్లో ‘ఇన్‌స్టంట్ కేస్’ అంటే ప్రస్తుత కేసు. కొందరు దాన్ని ‘తక్షణ కేసు’ అని అనువదిస్తుంటే నాకు బాధగా ఉంటుంది.

మద్రాసు ప్రెసిడెన్సీ నాటి రెవెన్యూ కాగితాలు చదివి, అడిగినవాళ్లకు తెలుగులో రాసిపెడుతుంటాను. ఆ అనుభవంతో రెండు జాగ్రత్తలు చెప్తాను. లెక్క ఎప్పుడూ ఉత్తరం రాసిన తేదీ నుంచే వేయాలి, అందిన ముద్ర మీది తేదీ నుంచి కాదు. రెండోది ఇంకా ముఖ్యం. ఆఫీసు నకళ్లలో ఒక ఉత్తరం లోపల మరో ఉత్తరాన్ని ఎత్తి రాస్తారు. లోపలి భాగంలో అల్టిమో కనిపిస్తే ఆ లోపలి ఉత్తరం తేదీయే ఆధారం. అది చూసుకోకపోతే అర్జీ తేదీ నెలలు తప్పుతుంది, వారసుల మధ్య తగాదాలో అది చిన్న విషయం కాదు.

అదే ఉత్తరం కింద ‘10 ప్రాక్సిమో’న విచారణకు రమ్మని ఉందన్నారు కదా, అది 1891 ఫిబ్రవరి 10.