సర్వర్‌లో పెట్టాక వెబ్‌సాకెట్ నిమిషానికే తెగిపోతోంటే

లాప్‌టాప్‌లో మీ చాట్ పేజీ చక్కగా నడుస్తోంది, సర్వర్‌లో ఎన్‌జిన్‌ఎక్స్ (బ్రౌజర్‌కీ మన సర్వర్ ప్రోగ్రామ్‌కీ మధ్య నిలబడే ప్రోగ్రామ్) వెనక పెట్టాక మాత్రం కాసేపు ఎవరూ మాట్లాడకపోతే వెబ్‌సాకెట్ (పేజీకీ సర్వర్‌కీ మధ్య తెరిచే ఉండే రెండువైపుల కనెక్షన్) తెగిపోయి 1006 (చెప్పాపెట్టకుండా తెగిందని తెలిపే కోడ్) చూపిస్తోంది అన్నారు. సరిగ్గా ఇక్కడే నాకు రెండు రాత్రులు నిద్ర లేదండి.

నేను చేసింది ఒక రక్తపరీక్షల ల్యాబ్‌కి టోకెన్ బోర్డు. కౌంటర్‌లో బటన్ నొక్కితే బయట టీవీలో నంబరు మారాలి. పొద్దున్నే రద్దీలో ఏ ఇబ్బందీ లేదు. పదింటికి జనం పలచబడ్డాక బోర్డు 63 దగ్గర ఆగిపోయింది. లోపల 66 నడుస్తోంది. 64వ టోకెన్ చేతిలో పట్టుకుని, పరగడుపున వచ్చిన ఒక పెద్దాయన టీవీనే చూస్తూ కూర్చున్నారు. తన వంతు దాటిపోయిందని ఆయనకెలా తెలుస్తుంది? ఆ దృశ్యం ఇప్పటికీ మర్చిపోలేను.

కారణం ఇదీ: వెనకున్న సర్వర్ నుంచి 60 సెకన్లు ఏమీ రాకపోతే ఎన్‌జిన్‌ఎక్స్ కనెక్షన్‌ని తెంచేస్తుంది. మనం మార్చకపోతే దాని గడువు అంతే. రద్దీలో అరనిమిషానికో నంబరు మారేది కాబట్టి బయటపడలేదు. గడువు పెంచి వదిలేయకండి, దారిలో వేరేవీ తెంచుతాయి. సర్వర్ నుంచి 30 సెకన్లకోసారి పింగ్ ("ఉన్నావా" అని అడిగే చిన్న సంకేతం) పంపండి. బ్రౌజర్ దానికి తనే పాంగ్ అనే జవాబు ఇస్తుంది గానీ, ఆ సంగతి మీ జావాస్క్రిప్ట్‌కి తెలియదు. అందుకే దాంతోపాటు ఒక చిన్న మామూలు మెసేజ్ కూడా పంపండి. 70 సెకన్లు అది రాకపోతే పేజీయే పాత కనెక్షన్ వదిలేసి కొత్తది తెరవాలి. వైఫై పోయినప్పుడు ఆన్‌క్లోజ్ (కనెక్షన్ మూసుకుందని పేజీకి చెప్పే కబురు) వెంటనే రాదు, దాన్ని నమ్ముకుని కూర్చోకూడదు.

వెబ్‌సాకెట్ తనంతట తాను మళ్ళీ కనెక్ట్ కాదు, ఆ కోడ్ మనమే రాయాలి. 1, 2, 4 సెకన్లు ఇలా ఆగుతూ ప్రయత్నించండి. అన్నిటికన్నా ముఖ్యం, మధ్యలో పోయిన మెసేజ్‌లు వాటంతటవి రావు. ప్రతి మెసేజ్‌కీ వరుస నంబరు ఇచ్చి, కనెక్ట్ అవగానే "నా దగ్గర ఇంతవరకే ఉంది" అని పేజీ చెప్పేలా చేయండి. మిగతాది సర్వర్ పంపాలి.

టోకెన్ బోర్డుకైతే ఈవెంట్‌సోర్స్ (సర్వర్ నుంచి పేజీకి ఒకవైపే కబుర్లు తెచ్చే బ్రౌజర్ సదుపాయం) చాలు, వినడమే కదా దాని పని. తెగితే తనే మళ్ళీ కలుస్తుంది. మీది రెండువైపులా మాట్లాడే చాట్, కాబట్టి వెబ్‌సాకెట్‌తోనే ఉండండి. ఒప్పగించేముందు రౌటర్ రెండు నిమిషాలు ఆపి, మళ్ళీ వేసి చూడండి.