మ్యాటీ చెవి దగ్గర దోమ

ప్రశ్న: నేను పర్లాకిమిడిలో ప్లస్ టూ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం లారీ హాల్స్ ఆండర్సన్ నవల ‘ఫీవర్ 1793’ ఇచ్చారు. పుస్తకం ఇంగ్లీషు, క్లాసులో వివరణ ఒడియా, ఇంట్లో మాట తెలుగు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఎల్లో ఫీవర్ వచ్చినప్పుడు మ్యాటీ అనే 14 ఏళ్ల పిల్ల పడ్డ పాట్లే కథ. అంతవరకు అర్థమైంది. ‘చారిత్రక నవలగా పరిశీలించు’ అంటే ఏం రాయాలండీ? తేదీలు, లెక్కలు బట్టీ పట్టాలా?
- ఒక పాఠకురాలు, గజపతి జిల్లా

జవాబు: లెక్కలు రెండు చాలు తల్లీ. ఫిలడెల్ఫియా అప్పటి అమెరికా రాజధాని, జనం సుమారు 50,000. ఆగస్టు నుంచి నవంబరు లోపల దాదాపు 5,000 మంది పోయారు. ఇది ఒక్క వాక్యంలో రాసేసి ముందుకెళ్లు.

అసలు సంగతి మొదటి పేజీలో ఉంది. మ్యాటీకి మెలకువ వచ్చేసరికి ఒక చెవిలో దోమ రొద, రెండో చెవిలో తల్లి కేకలు. ఎల్లో ఫీవర్ దోమ వల్ల వస్తుందని అమెరికా సైన్యం డాక్టరు వాల్టర్ రీడ్ బృందం క్యూబాలో రుజువు చేసింది 1900లో. అంటే రచయిత్రికి తెలుసు, నీకూ తెలుసు, మ్యాటీకి తెలీదు. ఆ దోమ మీద ఒక కన్నేసి చదువు.

నాలుగేళ్ల కిందట మా బరంపురం వీధి పిల్లలకి ఇదే పుస్తకం చెప్పాను. ఒకడు ‘దోమతెర కట్టుకోని తెలివితక్కువ మనుషులు’ అని రాసుకొచ్చాడు. నవ్వాను గానీ, మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడ కాపురం గుణుపురంలో. ఇంట్లో ఎవరికి చలిజ్వరం తగిలినా ‘మన్యం నీళ్లు పడలేదే’ అనేది. నీళ్లు కాచి, పాత చీరముక్కతో వడగట్టి ఇచ్చేది. నూతి పక్క గుంటలోంచి లేచే దోమల్ని మాత్రం కొంగుతో తోలేసి ఊరుకునేది. మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ పొట్టలో చూసింది 1897లో. ఆ కబురు అమ్మమ్మ వంటింటి దాకా రాలేదు. అంత మాత్రాన ఆవిడ తెలివితక్కువదా?

ఫిలడెల్ఫియాలో పేరుమోసిన డాక్టరు బెంజమిన్ రష్, రేవులో కుళ్లిన కాఫీ గింజల కంపు వల్లే జ్వరం అన్నాడు. మ్యాటీ వాళ్లు బతికేది కాఫీ అమ్ముకునే అన్న సంగతి మరిచిపోకు! ఆయన వైద్యం నెత్తురు తీయడం, పాదరసం కలిసిన మందుతో విరేచనాలు చేయించడం. బుష్ హిల్ ఆసుపత్రిలో ఫ్రెంచి వైద్యం వేరు: విశ్రాంతి, తాగడానికి ద్రవాలు, మంచి గాలి. మ్యాటీ తేరుకున్నది అక్కడే. ఈ రెండు వైద్యాల గొడవ మీద ఒక పేజీ రాయొచ్చు.

నాకు మటుకు ఎలైజా భాగమే ఎక్కువ ఇష్టం. మ్యాటీ వాళ్ల వంటమనిషి, బానిస కాని నల్లజాతి స్త్రీ. ఆవిడ కల్పన, ఆవిడ చుట్టూ జరిగేది నిజం. నల్లవాళ్లకి ఈ జ్వరం రాదని నమ్మి రష్ వాళ్ల సాయం అడిగాడు. రిచర్డ్ అలెన్, అబ్సలోమ్ జోన్స్ అనే నల్లజాతి పెద్దలు నడిపిన ఫ్రీ ఆఫ్రికన్ సొసైటీ వాళ్లు రోగులకి చాకిరీ చేశారు, శవాలు మోశారు, వాళ్లలోనూ ఎందరో పోయారు. ఆనక మాథ్యూ కేరీ అనే ప్రచురణకర్త, వాళ్లలో కొందరు డబ్బు గుంజారని అచ్చువేశాడు. ఊరుకోలేదు వాళ్లిద్దరూ, 1794లో తామే ఒక పుస్తకం వేసి జవాబిచ్చారు. ‘చారిత్రక’ అన్న మాటకి నీకు కావలసిన సరుకంతా ఇక్కడుంది.

చివర గడ్డకట్టే మంచు పడగానే ఊరు ఊరంతా సంబరపడుతుంది. మన పర్లాకిమిడిలో అలాంటి మంచు ఎరగం కనక ఆ పేజీలు గబగబా దాటేసి ఉంటావు. చలి ముదిరితే జ్వరం పోతుందని వాళ్లకి అనుభవం. చచ్చేది దోమ అని తెలీదు. ఆ పేజీనీ మొదటి పేజీనీ పక్కపక్కన పెట్టుకుని రాయడం మొదలుపెట్టు. ముందు తెలుగులోనే రాసుకో, ఇంగ్లీషు తరవాత చూద్దాం.