కరపత్రం అచ్చుకిచ్చే ముందు

అమ్మాయీ,

కౌన్సిల్ ఎన్నికల కోసం నువ్వు రాసి పంపిన కరపత్రం రెండుసార్లు చదివాను. మొదటి పేజీ మొత్తం కొట్టెయ్. "ప్రజాసేవే నా ఊపిరి" అని పోటీలో ఉన్నవాళ్లంతా రాస్తారు. నువ్వు పన్నెండేళ్లు చిన్న దుకాణాల వాళ్లకి లెక్కలు రాశావు. లాక్‌డౌన్‌లో అద్దె కట్టలేక ఎవరు అప్పు చేశారో, దించిన షట్టర్ ఎవరు మళ్లీ ఎత్తలేదో నీకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? అది రాయి. పేర్లు మాత్రం వద్దు. వాళ్ల కష్టాన్ని నీ ప్రచారానికి వాడుకోకూడదు.

ఇక హామీలు, పదకొండు! పెద్దాసుపత్రి, ఫ్యాక్టరీ కౌన్సిల్ చేతిలో ఉన్నవేనా? నీళ్లు, చెత్త, దుకాణాల లైసెన్సులు, పన్ను బకాయిలకు వాయిదాలు, వీటి గురించి మాట్లాడు. చిన్న పనులని చులకన చెయ్యకు. 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు, బ్రాడ్ స్ట్రీట్ పంపు నీళ్ల వల్లే జబ్బు పాకుతోందని జాన్ స్నో అనే డాక్టరు చెబితే, ఆ పంపు పిడి ఊడదీయించింది ఆ పేట బోర్డు వాళ్లే. అప్పటికే జబ్బు తగ్గుముఖం పట్టిందని స్నోనే రాశాడనుకో, అది వేరే సంగతి.

డబ్బు దగ్గర జాగ్రత్త. కరోనా నుంచి కోలుకోవడానికని పైనుంచి ఇచ్చే గ్రాంటు ఏటా రాదు. నేను కౌన్సిల్లో ఉన్న రోజుల్లో అలాంటి డబ్బుతోనే నలుగురిని పనిలోకి తీసుకున్నాం. రెండేళ్లకి అది అయిపోయింది. వాళ్లని మానిపించిన ఉత్తరం మీద సంతకం నాదే. ఆ నలుగురిలో ఒకాయన ఇప్పటికీ ఎదురుపడితే పక్కకి తప్పుకుంటాడు. అందుకే గ్రాంటు వస్తే పాత పైపులు మార్చు, గాలాడని బడి గదులకి కిటికీలు పెట్టించు. జీతాల జోలికి పోకు.

ఇంకోటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5నే కరోనా ఎమర్జెన్సీ ఎత్తేసింది. జనం మనసులో అంతకు ముందే అయిపోయింది. సభలో కరోనా అంటే ముఖం తిప్పుకుంటారు. మూతపడ్డ కొట్టు గురించీ, బడి మూసిన నెలల్లో చదువు మర్చిపోయిన పిల్లల గురించీ చెప్పు, వింటారు.

మూడు హామీలకి కుదించి మళ్లీ పంపు. ఫొటో కూడా మార్చు. అందులో నువ్వు నీలా లేవు.

పెదనాన్న